ఏకాంతం మీద బొమ్మలు వేస్తూ ఒంటరినైపోతున్నాను

ప్రశ్న

ఈ ఉత్తరం రాసింది పెయింటింగ్ కోర్సు చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

కోర్సు పూర్తి కావాలంటే ఒకే అంశం మీద పది పెయింటింగ్స్ సిరీస్ చేసి, దాని గురించి ఒక పేజీ స్టేట్‌మెంట్ రాసి జ్యూరీకి, అంటే పరీక్షకుల బృందానికి, చూపించాలి. ఈమె ఏకాంతాన్ని ఎంచుకున్నారు. చిన్నప్పటి నుంచీ తనతో తాను ఉండటం ఇష్టమట. ‘మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోయాక, చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకునేదాన్ని. ఎవరైనా లేస్తే అది కాస్తా అయిపోతుందని భయంగా ఉండేది’ అని రాశారు.

ఇప్పటికి నాలుగు కాన్వాసులు పూర్తయ్యాయి. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి, మెట్ల మీద మోకాళ్లు ముడుచుకున్న అమ్మాయి, పొడవాటి వరండా చివర నిలబడ్డ మనిషి, మంచం మీద పడుకుని ఫోన్ వెలుగులో కళ్లు తుడుచుకుంటున్న స్నేహితురాలు. నాలుగూ రాత్రిపూటవే. నాలుగిట్లోనూ నీలమే ఎక్కువ. గైడ్‌గా ఉన్న సార్ చూసి, ‘అన్నీ ఒకటే బొమ్మ. మనిషిని తీసేస్తే నీ దగ్గర ఏం మిగులుతుంది?’ అని అడిగి వెళ్లిపోయారట.

ఆ మాటకి దెబ్బతిని, తాను ఏకాంతాన్ని నిజంగా అనుభవించకుండా వేస్తున్నానేమో అనుకున్నారు. నలుగురితో కలిసి తినడం మానేశారు. ఫోన్ ఆఫ్ చేసి, రాత్రుళ్లు స్టూడియోలో తలుపులు వేసుకుని పని మొదలుపెట్టారు. మొదట్లో హాయిగానే ఉందట. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు, తరచూ తలనొప్పి, రాత్రి వేసిందంతా పొద్దున్నే నైఫ్‌తో గీకేస్తున్నారు. దానికి తోడు ఆ నాలుగో బొమ్మ గొడవ. రూమ్‌మేట్ ఇంట్లోవాళ్లతో గొడవపడి ఏడ్చిన రాత్రి, ఆమెకి తెలియకుండా ఫోటో తీసి, దాన్ని చూసి వేశారు. క్లాసులో వాళ్లు గుర్తుపట్టారు. ఆమె మాట్లాడటం మానేసింది. అమ్మకి బొమ్మల ఫోటోలు పంపితే, ‘నీకేమైనా బాధగా ఉందా? సంతోషంగా ఉన్నవేమైనా వేయకూడదా?’ అని కంగారు పడ్డారట.

జ్యూరీకి మూడు నెలలుంది. అంశం మార్చుకోవాలా, మనుషుల్ని తీసేయాలా, స్నేహితురాలి బొమ్మ పక్కన పెట్టాలా అన్నవి ఆమె ప్రశ్నలు. ఆ బొమ్మే అన్నిటికన్నా బాగా వచ్చిందని కూడా రాశారు.

సమాధానం

ముందు మీ నిద్ర సంగతి. బొమ్మల గురించి పేజీలకు పేజీలు రాసి, నిద్ర పట్టడం లేదన్నది మాత్రం ఒక్క లైన్లో చెప్పి వదిలేశారు. నాకు ఆ లైన్ దగ్గరే మనసు ఆగిపోయింది.

మీరు ఆయిల్స్‌తో పనిచేస్తున్నారని, రంగుల్ని పల్చబరిచే టర్పెంటైన్ వాడుతున్నారని ఉత్తరంలో ఇంకోచోట ఉంది. రాత్రుళ్లు తలుపులు వేసుకుంటున్నానని వేరే చోట ఉంది. ఈ రెండూ కలిపి చూడండి. గాలి ఆడని గదిలో టర్పెంటైన్ ఆవిరి పీలుస్తూ గంటలకొద్దీ ఉంటే తలనొప్పి, తలతిరుగుడు వస్తాయి. మీ తలనొప్పికి కారణం అదే అని నేను ఇక్కణ్నుంచి చెప్పలేను కానీ, ఇవాళే సరిచేసుకోగలిగింది మాత్రం అది. కిటికీలు తెరవండి. టర్పెంటైన్ డబ్బాకి మూత పెట్టండి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పీల్చుకున్న గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

రాత్రి వేసింది పొద్దున్నకి నచ్చకపోవడానికి కూడా మీలో లోపం వెతకనక్కర్లేదు. పసుపుగా ఉండే లైటు కింద తెలుపుకీ లేత పసుపుకీ తేడా సరిగ్గా తెలియదు, నీలాలు బూడిద రంగులోకి దిగినట్టు కనిపిస్తాయి. నీలాలు ఎక్కువగా వాడే మీకు ఇది ఇంకా పెద్ద చిక్కు. రాత్రి మీరు కలిపిన రంగు ఒకటి, పొద్దున్న కనిపించేది ఇంకొకటి. మీరు గీకేసిన వాటిలో కొన్ని బాగానే వచ్చి ఉంటాయని నా అనుమానం. కొన్నాళ్లు రంగుల పని పగలు పెట్టుకుని, రాత్రి పెన్సిల్‌తోనో బొగ్గుతోనో ఆపండి. గీకాలనిపించినప్పుడు ఒక రోజు ఆగి, పగటి వెలుగులో ఇంకోసారి చూడండి.

ఇవన్నీ చేసినా నిద్ర రాక, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు పైగా అలాగే గడుస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వాళ్లతో అయినా మాట్లాడండి. సిరీస్ అయ్యాక చూసుకుందాంలే అనుకోవద్దు.

ఇక, ఒంటరిగా బతికితే తప్ప ఏకాంతం గురించి వేసింది అబద్ధం అవుతుందన్న మీ నమ్మకం గురించి. అమెరికన్ పెయింటర్ ఎడ్వర్డ్ హోపర్ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఒంటరితనం గురించి మాట వస్తే ఎవరైనా ముందు చూపించేది 1942లో ఆయన వేసిన ‘నైట్‌హాక్స్’నే. ఆయన 1924లో పెళ్లి చేసుకుని, 1967లో చనిపోయేదాకా ఆ భార్యతోనే ఉన్నాడు. ఆమె కూడా పెయింటరే, పేరు జో. మంచం మీద, కిటికీ ఎదురుగా ఒక్కత్తే కూర్చున్నట్టు ఆయన వేసిన ఆడవాళ్లకి మోడల్‌గా కూర్చున్నది చాలావరకు ఆమే. అంటే ఆ ఒంటరి మనిషి బొమ్మ తయారవుతున్నప్పుడు గదిలో ఇద్దరున్నారు. పైగా తన బొమ్మల్లో ఒంటరితనం గురించి జనం మరీ ఎక్కువ చేసి మాట్లాడుతున్నారని కూడా ఆయన అన్నాడు. ఇంట్లో మనిషి ఉన్నంత మాత్రాన ఆ బొమ్మ అబద్ధం కాలేదు. అందరితో కలిసి తినడం మానేస్తే మీ కాన్వాస్‌కి ఒరిగేదేమీ లేదు, నష్టపోయేది మాత్రం మీరే. చిన్నప్పుడు ఆ మధ్యాహ్నాలు మీకు అంత తీపిగా ఎందుకున్నాయో ఆలోచించండి. పక్క గదిలో మీవాళ్లున్నారు. కాసేపటికి లేచి, మిమ్మల్ని పిలుస్తారు.

ఆ మధ్యాహ్నం దగ్గరే ఇంకొంచెం సేపు ఉందాం, ఎందుకంటే మీ సిరీస్ మొత్తానికీ తాళంచెవి అక్కడే ఉందనిపిస్తోంది. ఏకాంతం మీకు ఎలా ఉంటుందో మీరు చెప్పిన చోటు ఉత్తరం మొత్తంలో అదొక్కటే. చల్లటి గచ్చు, బోర్లా పడుకోవడం, నిద్రపోతున్న ఇల్లు, అయిపోతుందేమోనన్న భయం. అందులో నీలం లేదు. రాత్రి లేదు. దిగులూ లేదు. ఇప్పుడు మీ నాలుగు కాన్వాసులూ గుర్తు తెచ్చుకోండి. కిటికీ దగ్గరి అమ్మాయిని దూరం నుంచి ఎవరో చూస్తున్నారు. మెట్ల మీది అమ్మాయినీ అంతే. వరండా చివరి మనిషినీ అంతే. బొమ్మలో ఉన్న మనిషి ఒక్కరే అయినా, చూస్తున్న మనిషి ఒకరు ఎప్పుడూ అక్కడే ఉన్నారు. గచ్చు మీద పడుకున్న ఆ పిల్లకి తను కనిపించలేదు కదా. గచ్చు కనిపించింది. తన చేయి, కాగితం అంచు, తలుపు కింద నుంచి వచ్చే వెలుగు చార కనిపించాయి. మీరు ఇప్పటిదాకా వేసింది ఒంటరిగా ఉన్న మనిషి బయటివాళ్లకి ఎలా కనిపిస్తుందో అది. ఒంటరిగా ఉన్నప్పుడు లోకం మీకు ఎలా కనిపిస్తుందో ఇంకా వేయలేదు. మీ అమ్మగారు కంగారు పడటానికీ, సార్ అన్నీ ఒకటే అనడానికీ కారణం ఇదేనని నేననుకుంటున్నాను.

సార్ అడిగిన ప్రశ్నని మీరు తిట్టుగా తీసుకున్నారు. నాకది మంచి ఎక్సర్‌సైజ్‌లా వినిపిస్తోంది. నాలుగు బొమ్మల్నీ ఫోన్‌లో ఫోటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, చిన్న ప్రింట్లు తీయండి. ఒక్కో దానిలో మనిషి మీద, చుట్టూ ఉన్న టోన్‌లోనే, అంటే అంతే ముదురుగానో లేతగానో ఉండే కాగితం ముక్క అంటించండి. కిటికీ బొమ్మలో మనిషి పోయాక కిటికీ నిలబడుతుందా? గోడ మీద పడిన వెలుగుకి ఒక ఆకారం, ఒక దిక్కు ఉన్నాయా, లేక బ్యాక్‌గ్రౌండ్‌గా పూసి వదిలేశారా? వరండా బొమ్మలో దూరం నిజంగా లోపలికి లాగుతోందా? ఏ బొమ్మలోనైనా ఖాళీ గది ఇంకా ఏదో చెబుతోందంటే, అక్కడ మీ సిరీస్ బతికే ఉంది. ఏమీ మిగలకపోతే, అంతసేపూ బరువంతా ఆ వంగిన భుజాలే మోశాయన్నమాట.

మనిషిని తీసేశాక మిగిలినదాంతోనే బొమ్మలు కట్టినవాళ్లున్నారు. డెన్మార్క్ పెయింటర్ విల్హెల్మ్ హామర్‌షోయ్ 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హాగెన్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. ఆ గదుల్నే 60కి పైగా బొమ్మల్లో వేశాడు. కొన్నిట్లో భార్య ఇడా వీపు తిప్పి నిలబడి ఉంటుంది, కొన్నిట్లో ఎవరూ ఉండరు. 1900లో వేసిన ఒకదాంట్లో అయితే ఒక కిటికీ, ఒక తలుపు, కిటికీలోంచి ఏటవాలుగా నేల మీద పడే ఎండ, అందులో తేలే దుమ్ము, అంతే. వాడిన రంగులన్నీ బూడిద ఛాయలే, అయినా దాన్ని చూస్తే ఏడుపు రాదు. ఎవరో ఇప్పుడే ఆ గదిలోంచి వెళ్లారో, లేక మనమే అక్కడ నిలబడి ఉన్నామో అన్నట్టుంటుంది. గ్వెన్ జాన్ అనే బ్రిటిష్ పెయింటర్ 1907–09 మధ్య పారిస్‌లో తను ఉన్న గది మూలని వేసింది, ఒకే కోణం నుంచి రెండుసార్లు. ఒకదాంట్లో కిటికీ తెరిచి ఉంటుంది, టేబుల్ మీద పుస్తకం ఉంటుంది. ఇంకోదాంట్లో కిటికీకి పల్చటి తెర, టేబుల్ మీద పువ్వులు, కుర్చీకి ఆనించిన గొడుగు. మనిషి రెండిట్లోనూ లేదు. కానీ గొడుగు చూడగానే ఆమె ఇప్పుడే బయటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. ఒకే మూల, తేడా అంతా కిటికీలో, టేబుల్ మీది వస్తువులో. సిరీస్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తోచదు.

అలాగని మనుషుల్ని తీసేయాల్సిందే అనడం లేదు. మీ ముందు మూడు దారులున్నాయి, వాటి లాభనష్టాలు చెబుతాను.

అంశం మార్చుకుంటే సార్ మాట, అమ్మ బెంగ, రూమ్‌మేట్ గొడవ అన్నీ ఒక్కసారిగా వదిలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ మూడు నెలల్లో పది కొత్త కాన్వాసులు. ఆయిల్‌లో మందంగా వేసిన పొర ఆరడానికే వారాలు పడుతుంది. పైగా కొత్త అంశంలోనూ మీరు ఇదే దూరంలో నిలబడి చూస్తే, ఇదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. ఈ అంశం అంటే మీకు విసుగొచ్చి ఉంటే మార్చమనే చెప్పేదాన్ని. మీ ఉత్తరంలో విసుగు కనిపించలేదు, భయం కనిపించింది.

మనుషుల్ని పూర్తిగా తీసేసి గదులే వేస్తే సిరీస్‌కి గట్టి నియమం ఒకటి దొరుకుతుంది. జ్యూరీలో వివరించడమూ తేలికే. ఇబ్బందల్లా, పదీ ఖాళీ గదులైతే, ప్రతి గదినీ నిలబెట్టడానికి టోన్ మీద, అంచుల మీద మీకు గట్టి పట్టుండాలి. ఎక్కడ అంచు పదునుగా ఉండాలి, ఎక్కడ గోడలో కరిగిపోవాలి అన్నది తేల్చుకోకుండా వేస్తే ఖాళీ గది ఖాళీగానే ఉండిపోతుంది. ఇంకో మాట. ఇది మీకు సార్ నోటి నుంచి వచ్చిన దారి. ఆయన ప్రశ్న అడిగారు, ఆర్డర్ వేయలేదు.

మూడోది, మనిషిని ఉంచి, మనిషికీ చోటుకీ ఉన్న సంబంధాన్ని మార్చడం. మీ నాలుగు బొమ్మల్లోనూ మనిషి ఆకారం కాన్వాస్ ఎత్తులో దాదాపు సగం ఉందని రాశారు, వరండా బొమ్మలో కూడా. జర్మన్ పెయింటర్ కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808–10లో వేసిన ‘మాంక్ బై ద సీ’ చూడండి. ఒకటిన్నర మీటర్లకు పైగా వెడల్పున్న కాన్వాస్‌లో సన్యాసి చాలా చిన్నగా కనిపిస్తాడు, మిగతాదాంట్లో చాలావరకు ఆకాశమే. మొదట అందులో ఓడలు కూడా గీశాడని, తర్వాత వాటిని కప్పేశాడని ఇన్‌ఫ్రారెడ్ పరీక్షల్లో తేలింది. ఓడ ఉంటే కన్ను దాన్ని పట్టుకుని కథ అల్లుకునేది. అది పోయాక సన్యాసికి మిగిలింది సముద్రమే. మీరు కూడా మనిషిని చిన్నది చేయొచ్చు. లేదా కాన్వాస్ అంచు దగ్గర కట్ చేయొచ్చు, చేతులు మాత్రమే కనిపించేలా, కిందికి చూస్తే కనిపించే సొంత మోకాళ్లలా. ఐ లెవెల్‌ని, అంటే చూసే కళ్ల ఎత్తుని, నేల దగ్గరికి దించి చూడండి, బోర్లా పడుకున్న పిల్ల కళ్ల ఎత్తుకి. అక్కణ్నుంచి కుర్చీ కాళ్లు ఎంత పొడుగ్గా కనిపిస్తాయో మీకే తెలుసు.

నా మొగ్గు మూడోదాని వైపే, మధ్యలో రెండు మూడు ఖాళీ గదులతో. పాత నాలుగిట్లో ఏవి ఉంచాలన్నది ఇప్పుడే తేల్చకండి. కొత్తవి వచ్చాక, వాటి పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. రాత్రి నీలం బొమ్మ ఒకటి ఉంటే తప్పేమీ లేదు. పదింటిలో ఒకటిగా దానికి బలం వస్తుంది.

పని ఎలా చేయాలన్నదానికి అమెరికన్ పెయింటర్ జేకబ్ లారెన్స్ పద్ధతి మీకు పనికొస్తుంది. 1940–41లో, 23 ఏళ్ల వయసులో, అమెరికాలో నల్లజాతివాళ్ల వలసల మీద 60 ప్యానెళ్ల సిరీస్ చేశాడు. ముందు ఒక్కో ప్యానెల్‌కి చిన్న క్యాప్షన్ రాసుకున్నాడు, బొమ్మలు తర్వాత. వేసేటప్పుడు ఒకటి పూర్తిచేసి ఇంకోదానికి వెళ్లలేదు. ఒక రంగు తీసుకుని, అది అవసరమైన ప్యానెళ్లన్నిటిలోనూ వేసి, తర్వాతే ఇంకో రంగు తీసుకున్నాడు. అందుకే 60 ప్యానెళ్లూ ఒకే చేతి మీదుగా ఒకేసారి వచ్చినట్టుంటాయి. మీకు మిగిలినవి ఆరు. ఆరింటికీ అరచేతిలో పట్టే థంబ్‌నెయిల్స్ (చిన్న నమూనా స్కెచ్‌లు) గీసి, ఆరు కాన్వాసులూ ఒకేసారి మొదలుపెట్టండి. ఒకటి ఆరుతుంటే ఇంకోదాని మీద పని చేయొచ్చు, టైమూ కలిసొస్తుంది. ఒక్క కాన్వాస్ ముందే రాత్రంతా కూర్చుని దాన్ని గీకేయాల్సిన అవసరమూ తగ్గుతుంది.

రూమ్‌మేట్ బొమ్మ గురించి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ఆమె ఒప్పుకోకుండా అది గోడ మీదికి వెళ్లకూడదు. బొమ్మ బాగా వచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నలుగురిలో ఏడవకూడదని గదికి వచ్చి ఏడ్చిన మనిషిని, ఆమె నమ్మిన చోట, ఆమెకి తెలియకుండా పట్టుకున్నారు. మీకు ఏకాంతమంటే అంత ఇష్టం కదా, ఆ రాత్రి ఆమెకి అక్కర్లేదా? మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఆమె మౌనం వెనక ఉన్నది ఇదేనని చెబుతున్నాను.

ముందు క్షమాపణ చెప్పండి. బొమ్మ పర్మిషన్ ఊసు అదే రోజు ఎత్తకండి. రెండూ ఒకేసారి అడిగితే క్షమాపణ పర్మిషన్ కోసమే అన్నట్టు వినిపిస్తుంది. ఫోటో ఆమె ఎదుటే డిలీట్ చేయండి. కొన్నాళ్లాగి, ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక, బొమ్మ గురించి ఏం చేయమంటావని అడగండి. పెట్టుకో అంటే పెట్టుకోండి. మొహం మార్చి పెట్టుకో అంటే, ఆ బొమ్మలో మీకు నిజంగా నచ్చింది ఏమిటో చూసుకోండి. ఫోన్ వెలుగు గోడ మీద పడిన తీరైతే, దాన్ని వేరే మనిషితో, వేరే గదిలో, మోడల్‌కి చెప్పి మళ్లీ వేయొచ్చు. క్లాసులో ఇప్పటికే గుర్తుపట్టారు కాబట్టి ఉన్న కాన్వాస్ మీద మొహం మార్చినంత మాత్రాన సరిపోకపోవచ్చు, అది మాత్రం గుర్తుంచుకోండి. వద్దు అంటే తీసేయండి. మీ సిరీస్ ఒక మంచి బొమ్మ నష్టపోతుంది, నిజమే. ఆమెతో ఒకే గదిలో ఇంకా నెలలు ఉండాల్సింది మీరే.

అమ్మగారికి ఈ అంశం ఎందుకు ఎంచుకున్నారో మీరు ఇంతవరకూ చెప్పలేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఫోటోలు పంపారు, ఆ మధ్యాహ్నాల సంగతి చెప్పలేదు. ఫోన్ ఆన్ చేసి, అది చెప్పండి. ఆ వేళల్లో ఇంట్లో వెలుగు ఎటు నుంచి వచ్చేదో, ఏ గది తలుపు మూసి ఉండేదో ఆవిడకి మీకన్నా బాగా గుర్తుండొచ్చు. అడిగి రాసుకోండి, స్కెచ్‌బుక్‌కి పనికొస్తాయి. నిద్ర పట్టడం లేదన్నది కూడా దాచకండి.

స్టేట్‌మెంట్ ఇప్పుడే రాయకండి. ముందే రాసేస్తే బొమ్మలు దాని వెనక పరిగెత్తాల్సి వస్తుంది. లారెన్స్‌లా ఒక్కో బొమ్మకి రెండు వాక్యాలు రాసుకోండి చాలు, పేజీ చివరి నెలలో చూసుకోవచ్చు. ఈలోగా ఆ ఆరు థంబ్‌నెయిల్స్, కాగితం అంటించిన నాలుగు ప్రింట్లు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లండి. ఆయన అడిగి వెళ్లిపోయిన ప్రశ్నకి జవాబుగా వాటిని టేబుల్ మీద పరిచి, ఏది నిలబడిందనుకుంటున్నారో చూపించమనండి.